వెంకటవ్వకు రావలసిన రొట్టె

బాపురావు మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది, ఎందుకంటే ఈ కథంతా విన్నాక చెబితే ఎవరూ నమ్మరు. బోధన్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంలో, చెరకు తోటల నడుమ, ముప్ఫై ఇళ్ళ వాడ ఒకటుంది. ఆ ముప్ఫై ఇళ్ళకూ కలిపి ఒక చిన్న చర్చి. ఆ చర్చి తాళంచెవి ఇరవై రెండేళ్ళుగా బాపురావు మొలతాడుకే ఉంది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆయన కాంటా దగ్గర పనిచేశాడు. చెరకు బండ్లు తూచడంలో ఏనాడూ ఇటు రైతును గానీ, అటు ఫ్యాక్టరీని గానీ మోసం చెయ్యలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక తూచడానికి చెరకు లేకపోయింది. అలవాటు మాత్రం ఎక్కడికి పోతుంది, మనుషుల్ని తూచడం మొదలుపెట్టాడు. సంఘపెద్ద చెయ్యవలసిన పని అదేనని ఆయన నిజంగానే అనుకునేవాడు.

ఆ సంఘాన్ని చూసుకునే పాస్టరు శ్రీధర్ అయ్యగారు బోధన్‌లో ఉంటారు. ఆయన చేతికింద ఏడు ఊళ్ళున్నాయి కాబట్టి ఈ వాడకు నెలకు ఒక్క ఆదివారమే వస్తారు. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచేది ఆ ఒక్కరోజే. డిసెంబరులో ఆ రోజు క్రిస్మస్‌కు ముందొచ్చే ఆదివారం. అందుకని పండుగకు ముందు నాలుగు వారాలూ ఆ వాడలో సిద్ధపాటు వారాలు. గోడలకు సున్నం వెయ్యడం, బట్టలు కుట్టించుకోవడం, ఇంటిమీద కాగితపు నక్షత్రం కట్టడం ఎక్కడైనా ఉన్నదే. ఈ వాడలో ఇంకొక ఆచారం ఉంది. సంఘపెద్ద ఇల్లిల్లూ తిరిగి ఒకే ప్రశ్న అడుగుతాడు, ఎవరితోనైనా మాటలు బందున్నాయా అని. ఉన్నాయంటే, ఆదివారం లోపల వాళ్ళింటికి పోయి ఒక గ్లాసు నీళ్ళు తాగి రావాలి. తాగితే కోపం తీరినట్టు. తాగనివాళ్ళకు బల్ల లేదు. ఆ నీళ్ళతో ఎన్ని గట్టు తగాదాలు చల్లారాయో చెప్పలేం. పండుగ దాటగానే మళ్ళీ రాజుకున్నవీ ఉన్నాయి, అది వేరే సంగతి.

సంఘమే ఎవరినైనా బల్లకు దూరం పెడితే మాత్రం నీళ్ళతో తీరదు. బల్లకు ముందు శనివారం సాయంత్రం కూటంలో లేచి నిలబడి, అందరి ముందూ తప్పయిందని అనాలి. వెంకటవ్వ ఆ మాట నాలుగేళ్ళుగా అనలేదు.

వెంకటవ్వ బీడీలు చుట్టుకుని బతికిన మనిషి. బాపురావు కంటే ఆరేళ్ళు పెద్ద. ఆయన ఇంటికి ఐదిళ్ళ అవతల ఉంటుంది. నాలుగేళ్ళ కిందట ఒకనాడు తెల్లవారుతుండగా చెరకు తోట గట్టున, పోచమ్మ ముందు, చంకలో కోడితో, చేతిలో పసుపూ వేపాకులతో ఆమె నిలబడి ఉండగా అదే వాడలోని ఆత్మారాం చూశాడు. మోటరు వెయ్యడానికి పోయినవాడు మోటరు సంగతి మరిచిపోయి వాడంతా చెప్పుకొచ్చాడు. సంఘం కూర్చుంది. పోయినావా అంటే పోయానంది. ఎవరికోసం మొక్కావంటే నోరు విప్పలేదు. తప్పయిందను, సరిపోతుంది అంటే, అననంది. బల్లకు దూరం పెడుతున్నట్టు తీర్మానం రాసిందీ బాపురావే, చదివిందీ బాపురావే.

అదే నెలలో ఆయన ఆ చర్చిలోనే నిలబడి సాక్ష్యం చెప్పాడు. ధర్పల్లిలో ఉండే ఆయన కూతురు రోజాకు అప్పటికి మూడేళ్ళ పాప, దీక్షిత. ఆ పాపకు డెంగీ వచ్చి నిజామాబాద్ ఆసుపత్రిలో ప్రాణం మీదికి వచ్చింది. మూడు రోజులు మంచం పక్కన మోకాళ్ళ మీదే ఉన్నానని, దేవుడు తన ప్రార్థన విని బిడ్డను తిరిగి ఇచ్చాడని ఆయన చెబుతుంటే అందరూ కళ్ళు తుడుచుకున్నారు. వెనక బెంచీ మీద వెంకటవ్వ కూడా తుడుచుకుంది.

ఆ తర్వాత నాలుగేళ్ళలో ఆమె ఒక్క ఆదివారం మానలేదు. రొట్టె పంచే వేళకు తనే లేచి బయటికి పోయేది. గోడవారన నిలబడి, లోపల పాట అయిపోయాక మళ్ళీ వచ్చి కూర్చునేది. ఈ ఏడు దగ్గు ముదిరింది. దసరా వెళ్ళాక నిజామాబాద్ తీసుకుపోతే డాక్టర్లు అన్నీ చూసి, ఇంటికి తీసుకుపోయి మంచిగా చూసుకోండన్నారు. ఆ మాటకు అర్థం వాడలో అందరికీ తెలుసు. ఆమె మాత్రం కోడలు వినీతతో ఒక్కటే అడిగిందట, క్రిస్మస్ రొట్టె దాకా ఉంటానా అని.

సిద్ధపాటు వారాల్లో మూడోది సంతోషపు ఆదివారం. ఆరోజు గులాబీరంగు కొవ్వొత్తి వెలిగించాలి. బోధన్ దుకాణాల్లో దొరక్క బాపురావు తెల్లదానికే గులాబీ కాగితం చుట్టి పెట్టాడు. సగం కాలేసరికి కాగితం భగ్గున అంటుకుంది. సంఘపెద్ద చొక్కా చేతులతో దాన్ని ఆర్పే తంటాలు చూసి పిల్లలంతా ఒకటే నవ్వు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఆ ముచ్చటే భార్యకు చెప్పాడు. భూమవ్వ నవ్వలేదు. కూర వడ్డించి, గిన్నె కింద పెట్టి, ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"గా కోడి నాది," అంది.

ఏ కోడి అన్నాడు బాపురావు.

"పోచమ్మ కాడికి వెంకటక్క తీస్కపోయిన కోడి. మన దీక్షిత కోసం మొక్కింది నేను. నువ్వు దవఖానల ప్రార్థన జేస్తున్నవు. నాకిక్కడ పానం ఆగలె. సంఘపెద్ద పెండ్లాన్ని, నేను పోతే నీకు తలవంపులని అక్కనే తీస్కపోయింది. నాలుగేండ్ల సంది ఆమె బయట నిలవడ్డది, నేను లోపట గూసోని రొట్టె తిన్న. మన్ను దిన్నట్టే ఉండె. ఆమె గిట్ల పోతె నేను బతకలేను."

మనిషన్నవాడికి ఆ మాట వినగానే ముందు వెంకటవ్వ గుర్తుకు రావాలి. బాపురావుకు ముందు గుర్తుకొచ్చింది, ఇంకెవరికి తెలుసు అన్నది. ఎవరికీ తెలియదంది భూమవ్వ. శనివారం కూటంలో తనే లేచి చెబుతానంది. ఆయన కంచం పక్కకు జరిపాడు. తను రాసిన తీర్మానం ప్రకారం మొక్కినవాళ్ళను బల్లకు దూరం పెట్టాలి. సొంత ఇల్లు చక్కబెట్టుకోలేనివాడు సంఘపెద్దగా ఉండకూడదు, అదీ ఆయన పెట్టిన మాటే. తాళంచెవి పోతుంది. దీక్షిత గురించి ఆయన చెప్పిన సాక్ష్యం తలుచుకుని ఆత్మారాంలాంటివాళ్ళు ఏడాది పొడుగునా నవ్వుకుంటారు.

పండుగ పూట అందరిముందూ ఎందుకన్నాడు. తనే అయ్యగారిని పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెబుతానన్నాడు. వెంకటవ్వకు రొట్టె దొరుకుతుంది, మన సంగతి క్రిస్మస్ వెళ్ళాక చూసుకుందామన్నాడు. భూమవ్వ ఆయన మొహంలోకి చూసి, నిజంగా చెబుతావా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ చెబుతానన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఆమెతో అబద్ధమాడింది లేదు, కాబట్టి నమ్మింది. తన సంగతి తేలేదాకా రొట్టె ముట్టనని, ఆదివారం ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉంటానని మాత్రం చెప్పింది.

బుధవారం ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. ఒకచోట అన్నదమ్ములకు నీళ్ళు తాగించాడు, ఇంకోచోట అత్తాకోడళ్ళకు. వెంకటవ్వ ఇంటిని చివరికి పెట్టుకున్నాడు. నాలుగేళ్ళుగా ఆ ఇంటిముందు బాటమీదే నిలబడి ప్రశ్న అడిగి పోయేవాడు. ఈసారి లోపలికి పోయాడు. వాకిట్లో ఎండలో మంచం వేశారు. దానిమీద వెంకటవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖంలో కళ్ళు మాత్రమే మిగిలాయి. పక్కనే వినీత చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. వెంకటవ్వ కొడుకు చెరకు లారీ మీద మహారాష్ట్ర వైపు పోయి వారమైంది.

బాపురావు తన ప్రశ్న అడిగాడు. వెంకటవ్వ నవ్వింది. తనకు ఎవరితోనూ మాటలు బంద్ లేవని చెప్పి, తమ్ముడికి నీళ్ళు తెమ్మని కోడలిని లోపలికి పంపింది. వినీత అటు పోగానే గొంతు తగ్గించి, భూమవ్వ చెప్పిందా అని అడిగింది. ఆయన తలాడించాడు.

"సెప్పొద్దని నేనే అన్న," అంది వెంకటవ్వ. "పొల్ల బతికింది, గది సాలు. నాకు రొట్టె ముక్క గావాలె తమ్మీ, గంతే. నువ్వు అయ్యగారికి ఎట్ల జెప్తవో నీ ఇష్టం. తప్పయిందని మాత్రం నా నోటెంట రాదు. తప్పయిందంటే, గా పొల్ల బతుకుడే తప్పయినట్టు గాదా?"

బాపురావుకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, అందులో నటనేమీ లేదు. ఇన్నేళ్ళుగా ఇంతమందిని తూచిన మనిషికి, ఈ ముసలామె ముందు తన బరువెంతో తెలిసింది. వినీత గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఆయన చెయ్యి చాచబోయి, బుధవారం కదా, ఉపవాసమున్నానన్నాడు. ఉపవాసం ఉన్నమాట నిజమే. దప్పికకు నీళ్ళు తాగితే ఉపవాసం చెడదన్న సంగతి కూడా ఆయనకు తెలుసు, వెంకటవ్వకూ తెలుసు. గ్లాసు మంచం కోడు పక్కన పెట్టించి, తర్వాత తాగుతాడులే అందామె.

శనివారం సాయంత్రం అయ్యగారు బండి దిగుతూనే వెంకటవ్వ సంగతి అడిగారు. ఆమె ఎక్కువ రోజులు ఉండదని విన్నానని, మీరొక్క మాట చెబితే రేపు ఆరాధన కాగానే ఇంటికే పోయి రొట్టె ఇస్తానని అన్నారు. చర్చి బయట ఇద్దరే ఉన్నారు. బాపురావు ఆ మాటను మూడురోజులుగా మనసులో అప్పజెప్పుకుంటున్నాడు. కోడి మా ఇంటిది అయ్యగారూ, మొక్కింది నా భార్య, అంతే. నోరు తెరిచాడు. తెరిచిన తలుపులోంచి చాపలమీద కూర్చున్న వాడంతా కనిపించింది. ముందు వరుసలో భూమవ్వ ఆయననే చూస్తోంది. ఆమె వెనకాల ఆత్మారాం మెడ సాచి చూస్తున్నాడు.

"ఒప్పుకున్నది అయ్యగారూ," అన్నాడు. "లేచి రాలేని మనిషి గద, నాతోని చెప్పింది తప్పయిందని. కూటంల అనకుండ్రి, మనసు కష్టపెట్టుకుంటది."

అయ్యగారు చిన్నవాడు, ముప్ఫై దాటలేదు. సంతోషం పట్టలేక బాపురావు భుజం పట్టుకుని ఊపేశారు. ఈ పండుగకు ఇంతకన్నా ఏం కావాలన్నారు. లోపలినుంచి అదంతా చూసి, చెప్పేశాడనుకుని, భూమవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. బాపురావు ఆ రాత్రి బాగానే నిద్రపోయాడు. వెంకటవ్వ కోరుకున్నది రొట్టె, ఆ రొట్టె ఆమెకు అందుతుంది, మధ్యలో ఒక మాట అటూ ఇటూ అయితే ఎవరికి నష్టమని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కాంటా దగ్గర ఇలాంటి మాట ఇంకొకడు అని ఉంటే వాణ్ణి గేటు బయటికి గెంటించేవాడు.

ఆదివారం ఆరాధన అయ్యేసరికి మధ్యాహ్నమైంది. అయ్యగారు రొట్టె పెట్టిన చిన్న స్టీలు డబ్బా పట్టుకుని, బాపురావును వెంటబెట్టుకుని వెంకటవ్వ ఇంటికి నడిచారు. వినీత అత్తకు స్నానం చేయించి, తల దువ్వి, తెల్లచీర కట్టింది. రొట్టె ముట్టందే ఏమీ తిననని వెంకటవ్వ పొద్దుటినుంచి గంజి కూడా తాగలేదు. అయ్యగారిని చూడగానే లేవబోయింది, చేతకాలేదు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, ఆ చేతులు అలాగే చాచి ఉంచింది.

అయ్యగారు మంచం పక్కన మోకాళ్ళూని, డబ్బా మూత తీశారు.

"అవ్వా, బాపురావన్న నాకంతా చెప్పిండు," అన్నారు. "మీరు తప్పు ఒప్పుకున్నరని. ప్రభువు మిమ్మల్ని ఎప్పుడో క్షమించిండు."

చాచిన చేతులు మెల్లగా వెనక్కి పోయాయి. వెంకటవ్వ వాటిని దుప్పటిమీద పెట్టుకుంది.

"నేనట్ల అనలె," అంది.

అయ్యగారు అర్థంకాక బాపురావు వైపు తిరిగారు. వెంకటవ్వ కూడా ఆయన వైపే చూసింది. ఆమె చూపులో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకు సుఖంగా ఉండేది.

"తమ్మీ, నువ్వు సెప్పు," అంది.

ఎవరూ తొందరపెట్టలేదు. రోడ్డుమీద చెరకు లారీ ఒకటి పోయింది. మంచం పక్కన నిలబడ్డ వినీత తలెత్తి చూసింది. చెప్పవలసిన మాట బాపురావు నాలుకమీదే ఉంది. అది చెబితే ఆయనకు పోయేదల్లా ఒక తాళంచెవి, కొంత పరువు. చెప్పకపోతే వెంకటవ్వకు పోయేది ఏమిటో ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్ళుగా ఆ రొట్టె విలువ వాడకు చెబుతూ వచ్చింది ఆయనే గదా.

"సోయి లేదయ్యగారూ," అన్నాడు. "రాత్రి సంది జరం. ఏమంటున్నదో ఆమెకే తెల్వది."

వినీత ఉలిక్కిపడింది. పొద్దుటినుంచి మంచిగనే మాట్లాడుతోందని చెప్పడానికి నోరు తెరిచింది. వెంకటవ్వ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది. అయ్యగారు ఒక నిమిషం తటపటాయించారు. తెలివిలేని మనిషి నోట్లో రొట్టె పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. తేరుకుంటే పండుగనాడు సాయంత్రం మళ్ళీ వస్తానని వినీతకు చెప్పి, వెంకటవ్వ తలమీద చెయ్యి ఉంచి చాలాసేపు ప్రార్థన చేసి, డబ్బా మూత పెట్టేశారు. మూత పడేదాకా వెంకటవ్వ ఆ డబ్బా వైపే చూసింది.

అయ్యగారు బయటికి నడిచాక బాపురావు ఆయన వెనకే పోబోతుంటే ఆమె పిలిచింది.

"సోయున్నది తమ్మీ నాకు," అంది మెల్లగా. "మంచిగ ఉన్నది. గందుకే ఊకున్న."

బయట అయ్యగారు బండి స్టార్ట్ చేసి నిలబడి ఉన్నారు. పండుగ పూట దిగులు పెట్టుకోవద్దని, మీరు చెయ్యగలిగింది చేశారని బాపురావును ఓదార్చారు. బండి అక్కడే ఉంది, మనిషి అక్కడే ఉన్నాడు, రొట్టె ఆయన సంచిలోనే ఉంది. పైలంగా పోండ్రి అన్నాడు బాపురావు.

ఇంట్లో భూమవ్వ పొయ్యి దగ్గర కూర్చుని గరిజెలు, అంటే కజ్జికాయలు, నూనెలో కాలుస్తోంది. పండుగకు దీక్షిత వస్తోంది, ఆ పిల్లకు గరిజెలంటే ప్రాణం. ఆయన అడుగు చప్పుడు విని జల్లెడగంటె చేతిలో ఉండగానే లేచింది. అయ్యగారు ఏమన్నారని అడిగింది. అంతా మంచిగానే జరిగిందన్నాడు.

"అక్క తీస్కున్నదా?"

ఆయన చెప్పులు విప్పుతున్నట్టు వంగాడు.

"తీస్కున్నది," అన్నాడు.

భూమవ్వ మూకుడు దించేసి, నేలమీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఆమె అలా నవ్వడం ఆయన చూసి నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళుగా ఇంట్లో ఏదో తక్కువైందని ఆయనకు తెలుసు గాని, తక్కువైంది ఈ నవ్వేనని అప్పుడే తెలిసింది. గుండెమీద బండ దిగిందంది. తనను ఎన్నేళ్ళు బల్లకు దూరం పెట్టినా ఫర్వాలేదు, అక్క స్థలంలో గోడవారన సంతోషంగా నిలబడతానంది. నువ్వు చెప్పకపోతే ఇది అయ్యేదా అని మొగుడి కాళ్ళకు దండం పెట్టబోతే ఆయన వెనక్కి జరిగాడు.

ఆమె గబగబా వేడి గరిజెలు నాలుగు గిన్నెలో పెట్టుకుంది. పొద్దుటినుంచి అక్క ఏమీ తిని ఉండదు, తనే చేతితో తినిపిస్తానంది. ఆయన, ఇప్పుడు వద్దు, ఆమె పండుకుందన్నాడు. ఇవాళ్టి రోజు అక్కకు నిద్ర పడుతుందా అని నవ్వింది. సాయంత్రం ఇద్దరం పోదామన్నాడు. ఆమె అప్పటికే గడప దాటింది.

బాపురావు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మోకాళ్ళ నొప్పులతో మెట్టు దిగడానికి కూడా ఆసరా అడిగే మనిషి, సందులో ఇంచుమించు పరుగెత్తుతోంది. ఒక ఇల్లు దాటింది. రెండు దాటింది. అంత దూరంనుంచే, అక్కా, ఓ అక్కా అని పిలుస్తోంది. పెండ్లింటికి పోయేవాళ్ళ గొంతులా ఉంది ఆ గొంతు. ఆ పిలుపుకు ఆ ఇంట్లోంచి జవాబు రాకుండా చెయ్యమని బాపురావు కళ్ళు మూసుకుని దేవుణ్ణి వేడుకున్నాడు. దీక్షిత మంచం పక్కన మోకాళ్ళ మీద ఉన్న ఆ మూడు రోజుల్లో కూడా ఆయన ఇంత మనసు పెట్టి ప్రార్థించలేదు.

లోపలినుంచి వెంకటవ్వ పలికింది.